ఈవార్ తర్వాతి స్కాన్ల కోసం రాజమహేంద్రవరంలో మేము వెళ్తున్న సెంటర్ గురించి

పొత్తికడుపులోని బృహద్ధమని ఉబ్బినప్పుడు, పొట్ట కోయకుండా గజ్జల దగ్గరి రక్తనాళాల గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు తీగల చట్రానికి గుడ్డ తొడిగిన గొట్టం) పంపించి లోపల అమర్చే చికిత్సను ఈవార్ అంటారు. మా వైపు వాళ్ళు ఈ చికిత్సకు సాధారణంగా విశాఖపట్నమో హైదరాబాదో వెళ్తారు. ఆపరేషన్ అక్కడ జరిగిపోతుంది గానీ, ఆ తర్వాత జీవితాంతం చేయించుకోవలసిన స్కాన్లు ఇంటికి దగ్గరలో ఎక్కడ సక్రమంగా జరుగుతాయో మనమే వెతుక్కోవాలి. అంబాజీపేట దగ్గరి పల్లెలో ఉండే మా నాన్నగారికి హైదరాబాదులో ఈవార్ జరిగింది. అప్పటి నుంచి ఆయన స్కాన్లన్నీ నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. ప్రస్తుతం మేము వెళ్తున్న రాజమహేంద్రవరంలోని స్కానింగ్ సెంటర్ పనితీరును, ఇదే అవసరం ఉన్న కుటుంబాలకు ఉపయోగపడేటట్టు వివరంగా రాస్తున్నాను. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి ఏ సెంటర్ పేరూ రాయడం లేదు. పేరు కన్నా, ఏ సెంటర్‌లో అడుగుపెట్టినా ఏమి అడగాలో తెలిసి ఉండడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఆపరేషన్ బాగానే జరిగింది కదా, మళ్ళీ ఏటా ఈ స్కాన్లెందుకు అని మా బంధువుల్లో అడగని వారు లేరు. పొట్ట కోసి చేసే పాత పద్ధతిలో ఉబ్బిన భాగాన్ని తెరిచి, దాని స్థానంలో కృత్రిమ నాళాన్ని కుట్టేస్తారు. ఈవార్‌లో అలా కాదు. ఉబ్బిన సంచి ఎక్కడిది అక్కడే ఉంటుంది, దాని లోపలి నుంచి గ్రాఫ్ట్ వెళ్తుంది, రక్తం గ్రాఫ్ట్‌లోనే ప్రవహించి సంచి గోడ మీద ఒత్తిడి తగ్గాలి. ఏదో ఒక దారిన రక్తం మళ్ళీ ఆ సంచిలోకి చేరితే దాన్ని ఎండోలీక్ అంటారు. వరద రోజుల్లో ఏటిగట్టు కాపలా కాసే మా లంకల వాళ్ళకు ఇది చెప్పగానే అర్థమవుతుంది: గట్టు పైకి ఎంత పటిష్ఠంగా కనబడినా, వెనక వైపు ఊట పుట్టిందంటే అది ఎక్కడి నుంచి వస్తున్నదో, పెరుగుతున్నదో తగ్గుతున్నదో తేల్చుకోకుండా ఎవరూ ఇంటికి పోరు.

ఎండోలీక్‌లన్నీ ఒకే రకం కావు, ఒకే స్థాయి ప్రమాదమూ కావు. గ్రాఫ్ట్ పై అంచు గానీ కింది అంచు గానీ రక్తనాళానికి సరిగ్గా అతుక్కోక వచ్చేది మొదటి రకం. గ్రాఫ్ట్ ముక్కలు ఒకదాని నుంచి ఒకటి ఊడిపోవడం వల్లనో గుడ్డ చిరగడం వల్లనో వచ్చేది మూడో రకం. ఈ రెండింటిలో రక్తం పూర్తి ఒత్తిడితో సంచిలోకి వెళ్తుంది కాబట్టి కనబడిన వెంటనే సరిచేయాలంటారు. నడుము దగ్గరి చిన్న ధమనుల నుంచో, పెద్దపేగుకు వెళ్ళే ధమని నుంచో రక్తం వెనక్కి తిరిగి సంచిలోకి చేరడం రెండో రకం. అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. సంచి పెరగనంత వరకు దీన్ని గమనిస్తూ ఉంటే చాలు. గుడ్డ సన్నని రంధ్రాల గుండా ఊరే నాలుగో రకం ఇప్పటి గ్రాఫ్ట్‌లలో అరుదు. లీకు ఎక్కడా కనబడకుండానే సంచి పెరుగుతూ పోతే దాన్ని ఐదో రకం అంటారు.

ఈ చికిత్స కొత్తదేమీ కాదు. హువాన్ పరోదీ 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో దీన్ని చేశారు. అయినా దీర్ఘకాలంలో ఏమవుతుందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బ్రిటన్‌లో 1999లో మొదలై 1,252 మందిని చేర్చుకున్న ఈవార్-1 అధ్యయనం 15 ఏళ్ళ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పొట్ట కోసి ఆపరేషన్ చేయించుకున్న వారితో పోలిస్తే, మొదటి నెలల్లో ఈవార్ చేయించుకున్న వారిలో మరణాలు తక్కువగా ఉన్నా, 8 ఏళ్ళు దాటిన తర్వాత వారిలోనే అన్యూరిజం (ధమని ఉబ్బు) వల్ల సంభవించే మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. ఆపరేషన్ జరిగాక కూడా సంచి పగలడమే అందుకు ముఖ్య కారణమని ఆ అధ్యయనం చెప్పింది. ఇది భయపెట్టడానికి రాయడం లేదు. నాలుగైదేళ్ళు అన్నీ బాగున్నాయని స్కాన్లు మానేసే వారికి, అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఆ తర్వాతనే అని తెలియాలి.

రాజమహేంద్రవరం సెంటర్‌కు మేము చేరుకోవడానికి కారణం, అంతకు ముందు వేరే ఊళ్ళో మరొక సెంటర్‌లో జరిగిన స్కాన్. మొదటి నెలలో హైదరాబాదులో తీసిన సి.టి.లో సంచి వ్యాసం 61 మిల్లీమీటర్లు ఉందని, వెనక వైపు రెండో రకం ఎండోలీక్ చిన్నది ఉందని రాశారు. ఏడాది తర్వాత ఇంటికి దగ్గరని ఆ మరో సెంటర్‌లో సి.టి. తీయిస్తే, లీకు లేదని, వ్యాసం 64 మిల్లీమీటర్లని రిపోర్టు వచ్చింది. లీకు లేకపోతే సంచి ఎందుకు పెరిగింది అన్న ప్రశ్నకు అక్కడ ఎవరూ సమాధానం చెప్పలేదు. పాత స్కాన్ సీడీ తీసుకువెళ్ళినా దాన్ని తెరిచి చూసిన వారు లేరు. వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ గారికి ఆ చిత్రాలు పంపిస్తే, కాంట్రాస్ట్ మందు (రక్తం స్కాన్‌లో తెల్లగా కనబడేటట్టు నరంలోకి ఎక్కించేది) ధమనుల్లో ఉన్న క్షణాల్లో తీసిన ఒక్క దశ మాత్రమే ఉందని, అది కూడా ఒంటిని అడ్డంగా కోసినట్టు చూపే 5 మిల్లీమీటర్ల మందపు ముక్కలుగా ఉందని, దీన్ని బట్టి తాను ఏమీ చెప్పలేనని, స్కాన్ మళ్ళీ తీయించమని అన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి మరో మోతాదు రేడియేషన్, మరోసారి కాంట్రాస్ట్ మందు అనవసరంగా పడింది. డబ్బు పోయినందుకు కాదు, ఈ విషయానికే నాకు ఈనాటికీ బాధ ఉంది.

ఇక ప్రస్తుత సెంటర్ సంగతి. స్కాన్ చేయవలసిన కారణం ఏమిటని ఫోన్‌లోనే అడిగి, డాక్టరు చీటీతో పాటు పాత రిపోర్టులు కూడా వాట్సాప్‌లో పంపమన్నారు. క్రియాటినిన్ పరీక్ష తాజాది లేకపోతే తేదీ ఇవ్వమన్నారు. కాంట్రాస్ట్ మందు మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది కాబట్టి వయసు మళ్ళిన వారికి, షుగర్, బీపీ ఉన్న వారికి ఈ పరీక్ష చూడకుండా మందు ఎక్కించకూడదు. ఇంతవరకు బాగుంది. అయితే షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ బిళ్ళలు అందరినీ రెండు రోజుల ముందే మానేయమని కౌంటర్‌లో చెప్పేస్తున్నారు. మూత్రపిండాల పనితీరు చెప్పే ఇ.జి.ఎఫ్.ఆర్. సంఖ్య 30 లేక అంతకంటే ఎక్కువ ఉండి, మూత్రపిండాలకు అప్పటికప్పుడు వచ్చిన దెబ్బ ఏదీ లేకపోతే ఆ బిళ్ళలు ఆపనక్కర లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా షుగర్ డాక్టరు గారూ అదే అన్నారు. ఎవరికి ఏది వర్తిస్తుందో చూసి చెప్పవలసిన మాటను అందరికీ ఒకేలా చెప్పడం సరి కాదు. మందులు మార్చే ముందు మీ డాక్టరు గారిని తప్పకుండా అడగండి.

స్కాన్ గదిలో వారి పని చూసి నాకు నమ్మకం కలిగింది. ముందుగా కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, మందు ఎక్కించి ధమనులు నిండినప్పుడు ఒకసారి, ఆ తర్వాత కొంత ఆగి మరొకసారి, మొత్తం మూడు దశల్లో చిత్రాలు తీశారు. ధమని గోడలో పేరుకున్న సున్నం, గ్రాఫ్ట్‌లోని లోహపు తీగ కూడా తెల్లగానే కనబడతాయి కాబట్టి, మొదటి దశ లేకపోతే ఏది సున్నమో ఏది లీకో విడదీసి చెప్పడం కష్టం. మందకొడిగా ఊరే రెండో రకం లీకు చాలాసార్లు ఆలస్యంగా తీసిన చిత్రంలోనే బయటపడుతుంది కాబట్టి చివరి దశ అవసరం. మొదటిసారి మూడు దశలూ తీసి, తర్వాతి స్కాన్లలో రేడియేషన్ తగ్గించడానికి ఏ దశ వదిలేయవచ్చో సర్జన్‌తో మాట్లాడి నిర్ణయించవచ్చని కూడా అక్కడే చెప్పారు.

టెక్నీషియన్ కుర్రాడి ఓపికను ప్రత్యేకంగా చెప్పాలి. నాన్నగారికి చెవులు సరిగ్గా వినపడవు. మైకులో చెబితే అందదని గ్రహించి, మందు ఎక్కించే ముందే దగ్గరికి వచ్చి, "తాతగారండి, ఒళ్ళంతా వేడెక్కినట్టు ఉంటదండి, కంగారు పడకండి. నేను చెయ్యి ఎత్తగానే ఊపిరి బిగబట్టాలండి, దించాక వదిలేయండి" అని రెండుసార్లు చేసి చూపించాడు. నాన్నగారు "ఆయ్, అలాగేనండి" అని, అచ్చం అలాగే చేశారు. ఊపిరి కదిలితే చిత్రం చెదురుతుంది. చెదిరిన చిత్రంలో చిన్న లీకు దొరకదు.

ఈ సెంటర్‌కు నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం రిపోర్టు రాసే తీరుకే. రేడియాలజిస్టు గారు మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. తెర మీద ఎడమ వైపు హైదరాబాదు స్కాన్, కుడి వైపు ఆ రోజు స్కాన్ పెట్టి, రెండింటిలోనూ ఒకే వెన్నుపూస దగ్గర ఆపారు. నాన్నగారి బృహద్ధమని వయసుతో వంకర తిరిగి ఉంది. అలాంటి నాళాన్ని అడ్డంగా కోసిన చిత్రంలో నేరుగా కొలిస్తే, ఏటవాలుగా తెగిన అరటిబోద లాగా కోలగా కనబడి వ్యాసం ఉన్నదాని కంటే ఎక్కువ వస్తుందట. ఆ డాక్టరమ్మ గారు ధమని మధ్యగీతను గుర్తించి, దానికి లంబంగా వచ్చేటట్టు చిత్రాన్ని తిప్పి, బయటి గోడ నుంచి బయటి గోడ వరకు గీత గీశారు. పాత స్కాన్‌లో 61, కొత్త దాంట్లో 58 వచ్చింది. మధ్యలో మమ్మల్ని హడలెత్తించిన 64 ఎలా వచ్చిందో కూడా చూపించారు: మందపు ముక్కల్లో, వంకర దగ్గర, పొడవు వైపు కొలవడం వల్ల వచ్చిన సంఖ్య అది. సంచి పెరగనే లేదు.

మూడు మిల్లీమీటర్లు తగ్గింది కదా అని నేను సంతోషించబోతే, "ఆ మాట నేను రాయనండి. ఐదు మిల్లీమీటర్ల లోపు తేడా కొలతలో కూడా రావచ్చు. స్థిరంగా ఉంది అని రాస్తాను" అన్నారు. మనకు నచ్చే మాట చెప్పి పంపించే అవకాశం ఉండి కూడా నిలబడగలిగిన మాటే చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను. మూడో దశ చిత్రంలో సంచి వెనక భాగాన పలచగా ఒక తెల్లని మరక కనబడింది. నడుము ధమని నోటి వరకు దాన్ని వెంబడించి, ఇది మొదటి నెలలో కనబడిన లీకేనని, దాదాపు అంతే ఉందని నిర్ధారించారు. రిపోర్టులో సంచి వ్యాసం పాతది, కొత్తది పక్కపక్కన రాశారు. గ్రాఫ్ట్ పై అంచుకూ కింది వైపు మూత్రపిండ ధమనికీ మధ్య దూరం ఎంతో, అది కిందికి జారిందో లేదో, కాళ్ళ వైపు వెళ్ళే రెండు కొమ్మల్లో రక్తం సాఫీగా పోతున్నదో లేదో విడివిడిగా రాశారు. సర్జన్ గారు ఆ కాగితం చూసి మరేమీ అడగకుండానే, ఇప్పుడేమీ చేయనక్కర లేదని, వచ్చే ఏడాది డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ స్కాన్) చాలునని నిర్ణయం చెప్పగలిగారు. ఎన్ని స్లైసుల మెషీనో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకునే సెంటర్లను చూసి మోసపోవద్దని అందుకే చెబుతున్నాను. పాత చిత్రంతో పోల్చి చూడని స్కాన్, ఎంత ఖరీదైన మెషీన్ మీద తీసినా, ఈవార్ అయిన మనిషికి సగం స్కానే.

ఇదే సెంటర్‌లో డాప్లర్ విభాగం మాత్రం ఆ స్థాయిలో లేదు. అమెరికాలోని సొసైటీ ఫర్ వాస్కులర్ సర్జరీ 2018 మార్గదర్శకాల ప్రకారం, మొదటి నెలలోనూ మొదటి ఏడాది చివరనూ లీకు గానీ సంచి పెరుగుదల గానీ లేకపోతే, ఆపైన ఏటా డాప్లర్‌తో సరిపెట్టుకుని, ఐదేళ్ళకొకసారి కాంట్రాస్ట్ లేని సి.టి. తీయించుకోవచ్చు. మా నాన్నగారిలా చిన్న లీకు ఉండి సంచి పెరగని వారికి ఎంత వ్యవధిలో ఏ పరీక్ష అన్నది సర్జన్ నిర్ణయిస్తారు. రేడియేషన్ లేని, కిడ్నీలకు భారం కాని ఈ పరీక్ష ఇంతగా పనికొచ్చేది కాబట్టే, దానికి తగిన సమయం ఇవ్వాలి. ఇక్కడ ఈవార్ డాప్లర్‌ను గర్భిణుల స్కాన్లు, మామూలు కడుపు స్కాన్లు ఉన్న వరుసలోనే కలిపేస్తున్నారు. గ్యాస్ లేకుండా, ఓపికగా, సంచి చుట్టూ ప్రతి మూలా వెతకవలసిన పరీక్షను బయట జనం తొందరపెడుతుండగా చేయడం ఎవరికైనా కష్టమే. మొదటిసారి నాన్నగారికి మధ్యాహ్నం వరుస వచ్చింది, అప్పటికి కడుపు ఉబ్బి పేగుల గ్యాస్‌లో సంచి సరిగ్గా కనబడలేదు. తర్వాతిసారి రాత్రి తేలికగా తినిపించి, పొద్దున్నే ఖాళీ కడుపుతో మొదటి వరుస కావాలని పట్టుబట్టి తీసుకువెళ్తే చిత్రాలు స్పష్టంగా వచ్చాయి. నడుము ధమనిలో రక్తం ముందుకూ వెనక్కూ ఊగే తీరును కూడా పట్టుకోగలిగారు. అంటే వాళ్ళకు నైపుణ్యం ఉంది, ఇవ్వవలసిన సమయం ఇవ్వడం లేదు. ఈ పరీక్షకు ఉదయం వేళ ప్రత్యేకంగా కేటాయించాలని నేను రాతపూర్వకంగా కోరాను.

మరో లోపం చిత్రాలు ఇచ్చే పద్ధతి. అడగకపోతే పెద్ద ఫిల్ములు మాత్రమే చేతిలో పెడతారు. సర్జన్‌కు ఫిల్ము దాదాపు పనికిరాదు. ఆయనకు కావలసినవి పలచని ముక్కలతో సహా అన్ని దశల అసలు చిత్రాలు. సీడీ అడిగితే ఇస్తారు గానీ, మొదటిసారి అందులో పలచని ముక్కలు లేవు. మళ్ళీ అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారు. పదేళ్ళ తర్వాత కూడా పోల్చుకోవలసిన చిత్రాలివి. ఎవరూ అడగకుండానే పూర్తిగా ఇవ్వడం సెంటర్ బాధ్యత. నేను ప్రతి స్కాన్‌నూ రెండు చోట్ల దాచి, అన్ని కొలతలనూ తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుతున్నాను. గ్రాఫ్ట్ పేరు, సైజులు ఉన్న కార్డును కూడా అందులోనే అతికించాను. ఎమ్మారై తీయవలసి వస్తే గ్రాఫ్ట్ ఏ లోహంతో చేసినదో వాళ్ళకు చెప్పాలి. నిటినాల్‌తో చేసినవైతే చిత్రం బాగానే వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటే ఆ చుట్టుపక్కల చిత్రం చెడిపోతుంది.

ఖర్చు విషయానికి వస్తే, మూడు దశల సి.టి. యాంజియోకు మా దగ్గర 7,500 రూపాయలు, డాప్లర్‌కు 2,000 తీసుకున్నారు. రసీదు అడగకుండానే ఇచ్చారు. కూర్చోవడానికి చోటు బాగుంది. మరుగుదొడ్డి మెట్లు దిగి వెళ్ళే చోట ఉండడం, స్కాన్ తర్వాత నీళ్ళు ఎక్కువగా తాగవలసిన వృద్ధులకు ఇబ్బంది.

కోనసీమ నుంచి, లంక గ్రామాల నుంచి వచ్చే వారు తేదీ ఎంచుకునేటప్పుడు గోదావరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాన్నగారి ఆపరేషన్ ఆగస్టులో జరిగింది కాబట్టి ఏటా స్కాన్ కూడా ఆగస్టులోనే వచ్చేది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరవేస్తే, లంకల్లో ఉండే వాళ్ళకు పడవ తప్ప దారి ఉండదు. ఆ నెల తప్పిన స్కాన్ దసరా అని, కోతలని, పెళ్ళిళ్ళని సంక్రాంతి దాకా వాయిదా పడుతూ పోతుంది. సర్జన్ గారిని అడిగి మేము మా తేదీని జూన్‌కు మార్చుకున్నాం. లంక పొగాకు చుట్ట దశాబ్దాల పాటు కాల్చిన పెద్దవాళ్ళు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఈ జబ్బుకు పొగాకే అన్నిటికంటే పెద్ద కారణాల్లో ఒకటి. ఈవార్ అయిన తర్వాత కూడా చుట్ట మానని వారిని స్కాన్‌కు తీసుకువెళ్ళే రోజునే రేడియాలజిస్టు గారి చేత ఒక మాట చెప్పించండి. మా నాన్నగారు ఇంట్లో ఎవరి మాటా వినలేదు గానీ, తెర మీద తన రక్తనాళపు గోడ చూశాక మానేశారు.

ఈ సెంటర్ ముందుగా తేదీ తీసుకుని చేయించుకునే స్కాన్లకే తగినది, అత్యవసరాలకు కాదు. ఈవార్ అయిన వారికి హఠాత్తుగా నడుములో గానీ కడుపులో గానీ తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళి వరుసలో కూర్చోకుండా, 108కి ఫోన్ చేసి సి.టి., సర్జన్లు రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. ఒక కాలు చల్లబడి, మొద్దుబారి, నొప్పి పెడుతుంటే గ్రాఫ్ట్ కొమ్మ మూసుకుపోయి ఉండవచ్చు. అది కూడా మర్నాటికి వాయిదా వేయదగిన విషయం కాదు. మామూలు తేదీ కోసం ఫోన్ చేసేటప్పుడు మాత్రం, రక్తనాళాల సి.టి. చదివే రేడియాలజిస్టు గారు ఏ రోజుల్లో ఉంటారో అడిగి ఆ రోజే తీసుకోండి. ఆమె లేని రోజు తీసిన స్కాన్ రిపోర్టు మాకు ఒకసారి వేరే చోటి నుంచి వచ్చింది, అందులో పాత కొలతల ప్రస్తావన లేదు. మేము తిరిగి అడిగితే, మూడో రోజుకు ఆమె పోల్చి చూసి, అదనపు డబ్బు తీసుకోకుండా సవరించిన రిపోర్టు ఇచ్చారు.